గాజు తొట్టిలోని క్రొత్త నీరు

(సంఘ మందిరమున ఆదివారపు సభలో చేయబడిన ఉపన్యాసము)



మన పఠనమందిరమున పిల్లల కొరకు ఒక గాజు తొట్టిని ఏర్పాటు చేసిన సంగతి మీకందరకును తెలియును. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. ఉదయము నీరు నింపిరి. సాయంకాలమునకే పండ్రెండు చేపలను వదలిరి. పదియవ నాటికి తొమ్మిది చచ్చినవి. నాటినుండి మనలో ఒక మాట బయలుదేరినది: “ఈ కోలారు నీటితో మనుష్యులు బ్రతుకుటయే గగనము, చేపలెట్లు బ్రతుకును?” అని. తాతముత్తాతల నాడు బంగారు గనుల పనికై వచ్చి ఈ నీరు త్రాగియే స్థిరపడిన కుటుంబములు మనలో ఎన్నియో కలవు. ఆ నింద ఈ నీటికి తగినది కాదని నా అభిప్రాయము. ఈ నీటికి కొన్ని దోషములు లేకపోలేదు, వానిని చెప్పెదను. కాని ఆ తొమ్మిది చేపలను చంపినది తొందర.

ఆ తొట్టిలోని నీరు అద్దమువలె నుండెను గదా, విషమెక్కడిదని కొందరు అడిగిరి. నీరు తేటగా నుండుట వేరు, పరిశుద్ధముగా నుండుట వేరు. చేప తన మొప్పలద్వారా అమోనియా అను పదార్థమును నిరంతరము నీటిలోనికి విడుచుచుండును. తినక మిగిలిన మేత క్రుళ్లినను అదియే పుట్టును. దానికి రంగు లేదు. చేపను చంపగల కొద్దిపాళ్లలో మన ముక్కునకు వాసనయు తెలియదు. పెద్ద చెరువులో అది చెదరిపోవును, నాచు దానిని ఆహారముగా గ్రహించును. గాజు తొట్టిలో అది ఎచ్చటికి పోవలెను? చేప తన విసర్జనములోనే ఈదవలసి వచ్చును.

దీనికి ప్రకృతియే ఒక ఉపాయము చేసినది. 1890 ప్రాంతమున సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అను రష్యా శాస్త్రవేత్త మట్టిలోని కొన్ని సూక్ష్మజీవులను వేరుచేసి చూపెను. వానిలో ఒక జాతి అమోనియాను తిని నైట్రైట్‌గా మార్చును. వేరొక జాతి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చును. అమోనియాయు విషమే, నైట్రైటును విషమే. నైట్రేట్ మాత్రము చాల వరకు నిరపాయకరము. వారమునకొకసారి కొంత నీరు మార్చిన తొలగిపోవును. ఈ జీవులు నీటిలో తేలుచుండుట తక్కువ. ఇసుకను, గాజును, ముఖ్యముగా గాలి బుడగలు పోవు స్పాంజిని అంటిపెట్టుకొని యుండును. క్రొత్త తొట్టిలో ఇవి దాదాపు శూన్యము. ఇవి పెరిగి తొట్టి నంతటిని పాలించు స్థితికి వచ్చుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. చలిలో ఇంకను ఆలస్యము. మన ఊరు సముద్రమట్టమునకు సుమారు 2,800 అడుగుల ఎత్తున నున్నది గనుక మార్గశిర పుష్య మాసములలో తొట్టి పెట్టువారు మరికొంత ఓపిక పట్టవలెను.

అమ్మలకు దీనిని వివరించి చెప్పవలసిన పని లేదు. పాలు కాచి గిన్నెలో పోసినంత మాత్రమున పెరుగగునా? తోడు వేయవలెను, కదలింపక ఉంచవలెను, ఎండకాలమున ఒక లెక్క, చలికాలమున ఒక లెక్క. తొట్టియు అట్టిదే. పొరుగింట ఆరోగ్యముగా నడచుచున్న తొట్టి యున్నచో వారి స్పాంజిలో ఒక ముక్కనో, గుప్పెడు ఇసుకనో తడి ఆరకుండ తెచ్చి మీ తొట్టిలో వేయుడు. అదియే తోడు. రోజుకు చిటికెడు మేత వేయుచు చేపలు లేకుండగనే తొట్టిని నడిపింపుడు. ఆ మేత క్రుళ్లి అమోనియా పుట్టును. జీవులకు అది ఆహారము. చుక్కలు వేసి రంగునుబట్టి అమోనియాను, నైట్రైటును కొలుచు పరీక్షా సామగ్రి చేపల దుకాణములలో దొరకును. మొదట అమోనియా పెరిగి తగ్గును. తరువాత నైట్రైట్ పెరిగి తగ్గును. రెండును సున్నకు వచ్చిన దినమున తొట్టి తోడుకొన్నదని తెలియవలెను. దుకాణదారుడు మొదటి దినముననే చేపలను అమ్మజూచును. అది అతని వ్యాపారము.

ఇక మన నీటి సంగతి. గనుల కాలమున ఊరికి బేతమంగలము చెరువునుండి పాలారు నీరు గొట్టములలో వచ్చుచుండెను. నేడు నీరు మనకు అనేక మార్గముల వచ్చుచున్నది. వానిలో వేయి అడుగులు దాటిన బోర్ల నీరు తరచుగా కఠినము, కొంత క్షారగుణము కలది. ఇక్కడ ఒక లెక్క గమనింపుడు. అమోనియా నీటిలో రెండు రూపములలో నుండును; ఒకటి మిక్కిలి విషము, రెండవది అంత కాదు. నీటి పీహెచ్ 7గా నున్నపుడు, 25 డిగ్రీల వేడిలో, వేయి పాళ్లకు సుమారు ఆరు పాళ్లే విషరూపమున నుండును. పీహెచ్ 8 అయినచో అది సుమారు ఏబదినాలుగు పాళ్లు. 9 అయినచో మూడువందల అరువదికి చేరును. మెత్తని నీటిలో పది దినములు ఓర్చుకొను తప్పును మన నీరు రెండు దినములు కూడ ఓర్వదన్నమాట. నీటి దోషమని నేనొప్పుకొనునది ఇంతవరకే. ఒకసారి తొట్టి తోడుకొన్న పిమ్మట ఈ కఠినత్వమే మేలు చేయును. పీహెచ్ నిలకడగా నుండును, సూక్ష్మజీవులకు కావలసిన కార్బనేట్లు దొరకును.

బోరు నీటిలో ప్రాణవాయువు తక్కువ గనుక ఒక దినము బకెట్లలో తెరచి ఉంచి, గాలి తగులనిచ్చి పోయవలెను. ట్యాంకరు నీటిలో బ్లీచింగు పొడి వేసియుందురు. ఆ క్లోరిన్ చేప మొప్పలను కాల్చును, సూక్ష్మజీవులనును చంపును. అదియు సాధారణముగా ఒక దినము తెరచి ఉంచిన పోవును. తొందర యున్నవారు దుకాణమున దొరకు థయోసల్ఫేట్ ద్రావకము వాడవచ్చును. క్యానులలో కొనెడు శుద్ధజలము మేలని కొందరు తలచుచున్నారు. కేవలము ఆ నీరే పోసినచో చేపకు లవణములుండవు, సూక్ష్మజీవులకు కార్బనేట్లుండవు, తోడు నిలిచిపోవును. బోరు నీటితో సగము సగము కలుపుట మంచిది.

ఇసుక విషయమున ఒక గట్టి హెచ్చరిక. మన పిల్లలు సైనైడ్ దిబ్బలపై ఆడుచుందురు. గనులు 2001లో మూతపడినను ఆ దిబ్బలు మిగిలియే యున్నవి. ఆ తెల్లని మెత్తని పొడి చూడ ముచ్చటగా నుండును. అది రాతిని పిండిచేసి, సైనైడుతో బంగారమును కరగించి తీసిన పిప్పి. దానిలోని ఖనిజములు నీటిలో దిగును; పైగా అది సిమెంటువలె గట్టిపడి అడుగున గాలి ఆడనీయదు. తొట్టిలో కాదు గదా, ఇంటిలోనికే తేవలదు. ఏటి ఇసుకను పలుమార్లు కడిగి వాడుకొనుడు.

చేపల ఎంపికలో నా సలహా ఒక్కటే: నీటికి తగిన చేపను తెచ్చుకొనుడు, చేపకొరకు నీటిని మార్పబూనకుడు. గప్పీ, మోలీ, ప్లాటీ మన కఠిన జలమును ఇష్టపడును. నియాన్ టెట్రా, డిస్కస్ వంటివి మెత్తని నీటి చేపలు; మనకు వలదు. బంగారు గనుల ఊరిలో బంగారు చేపపై మోజు సహజమే. కాని అది తిండిపోతు, జానెడు పెరుగును, మలినము మెండు. మన పఠనమందిరపు తొట్టి లెక్కకు 56 లీటర్లు. ఇసుక, ఖాళీ పోగా 45 లీటర్ల నీరుండును. అందు మొదట మూడు గప్పీలు చాలును. రెండు వారములు పరీక్షించి మరి మూడు. ఇట్లు పదింటి వద్ద ఆగవలెను. అన్నియు మగవే అయిన మేలు. ఆడచేప దాదాపు నెలకొకసారి పదులకొద్ది పిల్లలను పెట్టును!

మేత రెండు నిమిషములలో తిని ముగించునంత మాత్రమే. వారమునకు నాల్గవ వంతు నీరు మార్పుడు. స్పాంజిని కుళాయి క్రింద కడుగవలదు. తీసిన తొట్టి నీటిలోనే పిండవలెను. చేపలు పైకి వచ్చి నోరు తెరచుచున్నచో మేత ఆపి, సగము నీరు మార్చి, పరీక్షింపుడు. నైట్రైట్ కనబడినచో పది లీటర్లకొక చిన్న చెంచా కల్లుప్పు కరగించి పోసిన విషము చేప నెత్తురులోనికి పోవుట తగ్గును.

ఈ విద్య పిల్లల వినోదమునకే యని తలపవలదు. 2018 జూన్ మాసమున బెంగుళూరు కోరమంగల-చల్లఘట్ట లోయలో శుద్ధిచేసిన మురుగునీరు మన జిల్లాలోని లక్ష్మీసాగరము చెరువునకు వచ్చెను. దినమునకు 44 కోట్ల లీటర్లతో 126 చెరువులు నింపుట ఆ పథకపు లక్ష్యము. మరుసటి నెలలోనే చెరువులో నురుగు లేచెను. ఉన్నత న్యాయస్థానము కొంతకాలము నీటిని ఆపెను. పిమ్మట నీరు మరల పారెను. ఎండిన చెరువులు నిండెనని సంతోషించినవారును ఉన్నారు, మూడవ దశ శుద్ధి కావలెనని పోరాడినవారును ఉన్నారు. ఆ శుద్ధి కేంద్రములలో పనిచేయునది మన స్పాంజిలోని జీవులవంటివే. తొట్టిలో అమోనియా కొలిచిన బాలుడు రేపు చెరువుగట్టున నిలిచి “నీరు తేటగా నున్నది” అని ఎవరైన చెప్పినచో ఊరకొనడు, “పరీక్షలో ఎంత వచ్చినది? చేపపిల్లలను ఎప్పుడు వదలితిరి?” అని అడుగును. బొచ్చె, రోహు పెంచు చెరువులకు గాని, గాజు తొట్టికి గాని అడుగవలసినది అదే ప్రశ్న.

చివరగా ఒక విన్నపము. తొట్టిలో చేపలు ఎక్కువైనచో చెరువులో వదలుట పుణ్యమని కొందరి నమ్మకము. మలేరియా దోమల పిల్లలను తినుటకై గప్పీలను ఆరోగ్యశాఖవారు బావులలో వదలుట కలదు. అది నిపుణులు స్థలము నిర్ణయించి చేయు పని. మనము ఇచ్చవచ్చినట్లు వదలిన విదేశీ చేపలు మన చెరువు చేపల గ్రుడ్లను, పిల్లలను తినివేయును. ఆంధ్రదేశమున డెవిల్ ఫిష్ అని పిలువబడు ముళ్ల చేప ఇట్టి గాజు తొట్టెల జాతిదే. అది నేడు అచ్చటి జలాశయములలో జాలరుల వలలు చింపుచున్నది. మీ వద్ద మిగిలిన చేపలను పఠనమందిరమున ఇచ్చినచో, తొట్టి సిద్ధము చేసికొన్న ఇండ్లకు పంచుటకు కార్యదర్శిగారు అంగీకరించినారు.