పక్షుల పద్దు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



విదేశములందలి పక్షి సంరక్షణ కేంద్రములను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. నేను సముద్రము దాటినవాడను కాను. ఊరి లెక్కలు వ్రాయుట నా వృత్తి, కావ్యములను నాయంతట నేను చదువుకొనుట నా వ్యసనము. అయినను ఈ విషయమున మనము విదేశమునకు పోనక్కరలేదు. విదేశపు అతిథులే మన చెరువులను వెదకికొని వచ్చుచున్నారు.

తలపై రెండు నల్లని పట్టెలుగల బాతు ఒకటి కలదు. మంగోలియా, టిబెట్టు సరస్సుల యొద్ద పిల్లలను చేసి, చలికాలమున హిమాలయములను దాటి దక్కను చెరువులలో దిగును. చిన్న యంత్రమును దాని మేనికి కట్టి పరిశీలించిన శాస్త్రజ్ఞులు, అది 7,000 మీటర్లకు మించిన ఎత్తున ఎగిరినట్లు కనుగొనిరి. మేఘసందేశమున యక్షుడు, కైలాసము వరకు హంసలు నీకు తోడగునని మేఘునితో చెప్పును గదా! ఆ మాట వెనుక లోకానుభవము లేకపోలేదు.

గత శీతకాలమున నేను నేలపట్టు చూచి వచ్చితిని. గూడూరు వరకు రైలులోను, అటుపైని బస్సులోను పోతిని. తిరుపతి జిల్లా దొరవారిసత్రము సమీపమున నున్న ఈ చెరువు 1976లో పక్షి సంరక్షణ కేంద్రమైనది. నీటిలోనే కడప చెట్లు నిలిచియుండును. వాని కొమ్మలపై గూడబాతులు పుల్లలతో గూళ్ళు కట్టుకొనును. పిల్ల తన తలను తల్లి నోటి సంచిలోనికి దూర్చి చేపలను తినుట చూడవలసిన దృశ్యము. గూడబాతును విదేశీపక్షియని కొందరనుట వింటిని. అది మన దేశపు పక్షియే. ప్రక్కనే నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణములు, నీటికాకులు నివసించును. గూడు నేలపట్టున, మేత పులికాటు సరస్సున. ఆ పులికాటులో రాజహంసలు ముక్కును తలక్రిందుగా నీట ముంచి, బురదను వడకట్టి ఆహారము తీసికొనును. కనుక ఒక్క చెరువును కాపాడిన చాలదు. గూటిని, మేతను రెంటిని కాపాడవలెను.

ఇప్పుడొక నష్టపు పద్దు వినుడు. 1946లో కె.కె. నీలకంఠన్ కొల్లేటి ప్రాంతమున గూడబాతుల గూళ్ళను కనుగొనెను. అప్పుడచట సుమారు 3,000 గూడబాతులు గూళ్ళు కట్టుచుండెను. 1975 ప్రాంతమునకు ఆ కాలనీ అంతరించెను. తరువాత సరస్సు చేపల చెరువుల క్రిందికి పోయెను. 1999లో అభయారణ్యముగా ప్రకటించిరి. 2006లో గట్లను కొట్టించిరి. నేడు కైకలూరు సమీపమున ఆటపాకలో ఇనుప మంచెలు పాతగా, వానిపై గూడబాతులు మరల గూళ్ళు పెట్టుచున్నవి. చెట్టు ఉచితముగా ఇచ్చినదానిని మనిషి ఇనుముతో కొనవలసివచ్చినది.

లాభపు పద్దును గూడ చెప్పెదను. తమిళనాటి వేడంతాంగల్ రైతులు, సిపాయిలు పక్షులను కాల్చుచుండగా సహింపక, 1798 ప్రాంతమున చెంగల్పట్టు కలెక్టరును ఆశ్రయించి రక్షణపత్రము పొందిరి. వారు దయతో మాత్రమే అట్లు చేయలేదు. పక్షుల రెట్ట కలిసిన చెరువునీరు పొలమునకు ఎరువు. లాభమెరిగినవాడే నిజమైన కాపరి.

ఇక మన సంగతి. ఉప్పల్ నల్లచెరువు, నాచారము పెద్దచెరువు మన తాతలు త్రవ్వించి మనకిచ్చిన ఆస్తి. పొలములు ఇండ్ల స్థలములైనందున, చెరువుతో ఇక పనియేమున్నదని కొందరి తలంపు. మురుగు చేరుచున్నది, పూడిక పెరుగుచున్నది. కాగితముపై శిఖము శిఖముగానే యుండును. నేలపై గట్టు మాత్రము లోపలికి జరుగును. నా వృత్తి నాకు నేర్పిన నీతి ఒక్కటే: పద్దులో లేని ఆస్తికి వాదించువాడుండడు. చెరువుకు సర్వే నంబరున్నది. పక్షికి లేదు. చెరువు పోయినచో బోరులలోని నీరు తగ్గుట మనకు తెలియును. పక్షి పోయినట్లు ఎవరికిని తెలియదు.

సాలిం అలీ 1931-32లో హైదరాబాదు రాజ్యమందంతట తిరిగి పక్షులను పరిశోధించి వ్రాసెను. ఆయన వ్రాసినందుననే ఆనాడు ఇచట ఏమేమి యుండెనో మనకు తెలిసినది. 1987 నుండి ప్రతి జనవరిలో ఆసియా ఖండమున నీటిపక్షులను లెక్కించుచున్నారు. సామాన్యులే ఆ పని చేయుచున్నారు.

కావున ఈ రజతోత్సవ సందర్భమున నా మనవి ఇది. మన గ్రంథాలయమున ఒక బైండు పుస్తకము నుంచవలెను. తేది, వేళ, చెరువు పేరు, పక్షి, సంఖ్య, నీటిమట్టము – ఆరు గళ్ళు చాలును. పేరు తెలియనిచో రంగు, కాళ్ళ పొడవు, ముక్కు తీరు వ్రాయుడు. బడిపిల్లలు ప్రతి ఆదివారము ప్రాతఃకాలమున రెండు చెరువులను చూచి వ్రాయవలెను. పక్షి లేనినాడు "లేదు" అని వ్రాయుటయు ముఖ్యమే. ఆ లేమి ఏనాడు మొదలాయెనో అదియే చెప్పును.

మొదటి పుస్తకమును నేను కొని, గళ్ళు గీసి, రేపటి ఉదయము గ్రంథపాలకుని బల్లపై నుంచెదను. అది నిండవలసినది మీ చేతులతో. సెలవు.