మైక్ సెట్ అప్పు: మా సంఘం చూసిన లెక్క



పొదుపు లెక్కలు రిపోర్టులో ఎట్లాగూ ఉంటయి. మేము మా సంఘంలో గొడవ పెట్టిన మైక్ సెట్ సంగతి చెప్తం.

మా సంఘంలో ఒక చెల్లె ఇంట్లో భర్త, కొడుకు భజనలు పాడుతరు. వర్గల్‌లో సరస్వతమ్మ గుట్ట ఉన్నది, వసంత పంచమికి, నవరాత్రులకు జనం బాగా వస్తరు, మైకులకు గిరాకీ ఉంటదని స్త్రీనిధి అప్పు 70 వేలు తీసుకున్నది. అన్నీ పాత సామాన్లే కొన్నరు. 22 వేలకు ఆహుజా ఆంప్లిఫయరు, రెండు హారన్లు, రెండు మైకులు. 48 వేలకు డీజే బేస్ బాక్సులు, వాటి ఆంప్లిఫయరు. కొడుకు మనసంతా ఆ బాక్సుల మీదనే.

సద్దుల బతుకమ్మ నాడు గంట సేపటికే బాక్సులు మూగబోయినయి. విప్పి చూస్తే లోపల కాయిల్ ఒకసారి కాలినదే, మళ్లీ చుట్టి అమ్మిండ్రు. పైన అంటించిన వాట్లు పేరుకే. ఆగకుండ నడిచే వాట్లను ఆర్‌ఎంఎస్ అంటరు, అది అడగాలని మాకు అప్పుడు తెల్వదు. మూడు కిస్తులు సంఘం పొదుపులోంచి కట్టినం. "మా పైసలు ఆమె బాక్సులకా?" అని ఇద్దరు సంఘం విడిచిపోతమన్నరు. వాళ్ల మాట తప్పని మేము అనం.

అమ్ముదామని కోఠి గుజరాతీ గల్లీకి పోయినం. 48 వేల బాక్సులకు 15 వేలన్నరు. అదే ఆహుజా సెట్టుకు 19 వేలు ఇస్తమన్నరు! ఎందుకని అడిగినం. హారన్ యూనిట్‌లో డయాఫ్రం పోతే కొత్తది దొరుకుతది, ఎవరైనా బిగిస్తరు. కరెంటు లేకున్నా 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తది. గుడికి, బడికి, పంచాయతీకి అదే కావాలె. డీజే బాక్సును ఎంత కొట్టిండ్రో కొనేటోనికి తెల్వదు. పైగా 2024లో హైదరాబాద్ పోలీసులు ఊరేగింపుల్లో డీజేలు బంద్ పెట్టిండ్రు. 2000 నాటి రూల్స్ ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాక బయట మైకు పెట్టొద్దు కూడా.

హారన్‌లో పాట అంత మంచిగ రాదు, బేస్ ఉండదు. కానీ మాట దూరం పోతది. బతుకమ్మకు మనం చప్పట్లు కొట్టి పాడేటోళ్లమే కద, మనకెందుకు ఛాతి అదిరే బేస్?

పాతది కొంటే అరగంట గట్టిగ నడిపించి చూడుండ్రి. పాట ఆపి వాల్యూమ్ పెంచితే గుయ్యిమంటదా? బటన్ తిప్పితే గరగర వస్తదా? స్పీకరు కోన్‌ను రెండు చేతుల వేళ్లతోని మెల్లగ సమంగ ఒత్తితే గీకిన చప్పుడు వస్తే కాయిల్ చెడిందన్నట్టే. స్పీకరు ఎన్ని ఓములో, ఆంప్లిఫయరుకు సరిపోతదో లేదో అడగాలె. రసీదు లేకుండ పైసలియ్యొద్దు.

బాక్సులు చివరికి 17 వేలకు పోయినయి, అవి అప్పుకే కట్టినం. హారన్ల కిరాయితోని చెల్లె సంఘానికి రెండు కిస్తుల సొమ్ము తిరిగి కట్టింది. ఇంకొకటి బాకీ ఉన్నది. విడిచిపోతమన్న ఇద్దరూ ఈ సభకు వచ్చిండ్రు, ముందు వరుసలనే కూసున్నరు.