చిన్న స్నానాలగది – రంగుల ఎన్నిక

ఇల్లు కట్టించుకొనువారు ముందుగదికి వేయవలసిన రంగును గూర్చి పదిమందిని సంప్రదింతురు. స్నానాలగది వంతు వచ్చుసరికి మిగిలిన డబ్బాతో పని ముగింతురు. ఇంటిలో వృద్ధులు జారిపడు చోట్లలో ఈ గది ముఖ్యమైనది. కావున దీని రంగును గూర్చి కొంత ఆలోచింపుడని మేము శ్రోతలకు మనవి చేయుచున్నాము.

నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు గల గదిని తీసికొందము. పైన ఒక చిన్న వెంటిలేటరు. దానినుండి వచ్చు కొద్ది వెలుతురును గోడలు మింగివేయరాదు. మంచి తెల్లరంగు తనపై బడిన వెలుతురులో నూటికి 80 పాళ్ల వరకు తిప్పి పంపును. ముదురు నీలము 10 పాళ్లయినను పంపదు. మన పెద్దలు సున్నములో రవంత నీలిమందు కలిపి వేయించెడివారు. నీలి పసుపుచాయను అణచి గోడను మరింత తెల్లగా చూపును. కొత్త సున్నపు క్షారగుణము బూజును త్వరగా పట్టనీయదు. నేడు ఎమల్షను వేయించువారు కడుగుటకు వీలైనదియు, కొద్దిపాటి మెరుపు గలదియు కోరవలెను. మామూలు డిస్టెంపరు తేమకు నిలువదు. పాలతెలుపు, లేత నిమ్మపండు చాయ, లేత ఆకుపచ్చ – వీనిలో ఏదైనను చాలును. అంగడిలోని నమూనా చీటీని చూచి నిర్ణయింపక, గోడపై జానెడు మేర పూసి, పగలొకసారి, రాత్రి దీపము వేసి ఒకసారి చూడవలెను.

ఇక రెండవ రంగు. దీనిని చాలమంది అలంకారమునకే వాడుదురు. గడపకు పసుపు పూసి కుంకుమబొట్లు పెట్టుట మన ఇండ్లలోని ఆచారము. అది మంగళార్థమే యైనను, దాటవలసిన అంచు కంటికి స్పష్టముగా కనబడుట దానివలన గలుగు మేలు. స్నానాలగదిలో రెండవ రంగు ఆ పనినే చేయవలెను. చేతిపట్టు కమ్మికి, తలుపు చట్రమునకు, దీపపు స్విచ్చి చుట్టును దానిని వేయింపుడు. మెట్టు అంచున మాత్రము రంగుపూత జారును గనుక, అదే రంగు గల గరుకుపట్టీ అతికింపవలెను.

ఏ రంగు? వయసు మీరినకొలది కంటిలోని కటకము పసుపు బారును. నీలమునకు, ఆకుపచ్చకు గల భేదము తెలియుట కష్టమగును. మసక వెలుతురులో ఎరుపు నల్లబడి కనబడును. ఈ సంగతిని చెకు శాస్త్రజ్ఞుడు పుర్కిన్యే 1825లో వర్ణించెను. తెల్లగోడపై ఎర్రకమ్మి నల్లబడినను కనబడును. ముదురు గోధుమరంగు గోడపై కలిసిపోవును. కావున రంగుల పేర్లకంటె లేత, ముదురు తేడా ముఖ్యము. చేతిఫోనుతో నలుపు తెలుపు ఫోటో తీసి చూడుడు. అందులో కమ్మి గోడనుండి విడిగా కనబడినచో ఎన్నిక సరియైనదే.

చివరకు ఇంటిలోని నాయనమ్మగారిని రాత్రివేళ ఆ గదిలోనికి వెంటబెట్టుకొని పోయి, కమ్మిని పట్టుకొనుమని అడుగుడు. ఆమె చేయి గోడను తడుముకొనక నేరుగా కమ్మిపైకి పోయినచో రంగు కుదిరినట్లే.