తొందరకు, భద్రతకు నడుమ రోలరు కోస్టరు

(ప్రసంగ పాఠము)



జంషెడ్‌పూరు ఉక్కుచే పుట్టిన నగరము. టాటా ఇనుము ఉక్కు సంస్థ 1907లో స్థాపింపబడినది. 1912లో ఇచ్చట ఉక్కు తయారైనది. ఆ సంస్థ స్వర్ణోత్సవ స్మారకముగా నగర ప్రజలకు లభించిన జూబిలీ ఉద్యానవనమును 1958లో పండిత జవాహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిరి. తరువాతి కాలమున అచ్చట నిక్కో జూబిలీ పార్కు పేరిట వినోదయంత్రములు కూడ వెలసినవి. ఏటేట మార్చి 3వ తేదీన, జంషెట్జీ టాటా జయంతి సందర్భమున, ఉద్యానవనము దీపములతో వెలుగునపుడు కదమా, బిష్టుపూరు, సాక్చీల నుండి జనులు పిల్లలతో తరలివత్తురు. ఏ వినోదయంత్రము ముందైనను బారులు తీరినవారికి తట్టు ప్రశ్న ఒక్కటియే: వంతు ఎప్పుడు వచ్చును? అంతకు ముందు అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదు. రోలరు కోస్టరు దానిని చక్కగా బోధించును.

1884లో అమెరికాలోని కోనీ ద్వీపమున లామార్కస్ థాంప్సన్ నడిపిన బండి గంటకు సుమారు 10 కిలోమీటర్ల వేగముతో మెల్లగా దొర్లెడిది. 1919లో జాన్ మిల్లరు పట్టా క్రిందిభాగమును కూడ పట్టియుండు చక్రములకు పేటెంటు పొందెను. బండి పట్టా విడిచి పైకి లేవదని నమ్మకము కుదిరిన పిదపనే ఎత్తులును, వేగములును పెరిగినవి. 1959లో డిస్నీలాండునందు ఉక్కు గొట్టముల పట్టా వచ్చినది. అనగా ధైర్యమునకు ముందు పట్టు వచ్చినది. ఈ క్రమము గమనింపదగినది.

సాధారణముగా ఈ బండికి ఇంజను ఉండదు. గొలుసు దానిని మొదటి శిఖరమునకు లాగును. ఆపై భూమ్యాకర్షణయే నడుపును. తలక్రిందులగు చోటనే ప్రమాదమధికమని పలువురు తలంతురు. తగిన వేగమున్నంతసేపు అచ్చట శరీరము పీటకే అదుముకొని యుండును. గుట్టను దాటి బండి క్రిందికి వంగునప్పుడు మాత్రము శరీరము పైకే పోజూచును. అప్పుడు మనిషిని పీటపై నిలుపునది ఒడిపైకి గాని, భుజముల మీదుగా గాని దిగు కమ్మీయే. దాని తాళములలో ఒకటి విఫలమైనను వేరొకటి నిలుపునట్లు నిర్మించుట నేటి పద్ధతి.

ఇద్దరికి కలిపి ఒకే కమ్మీ యున్నచో, అది స్థూలకాయుడైన తండ్రి తొడలపై ఆగిపోవును. ప్రక్కనున్న పిల్లవానికి చోటు వదులుగా మిగిలిపోవును. అందువలననే ఎవరి కమ్మీ వారికుండుట మేలు. ఎత్తుకోల వద్ద పిల్లవానిని ఆపినపుడు తండ్రి కోపించుట తగదు. తాళము పడినదని యంత్రము చెప్పగలదు. పిల్లవాని ఒడిని కమ్మీ సరిగా పట్టినదో లేదో చేయి అదిమి చూడవలయును.

ఇక బారు సంగతి. బండిలో 24 పీటలున్నవనుకొందము. నిమిషమునకొక బండి బయలుదేరినచో గంటకు 1440 మంది ఎక్కుదురు. 90 సెకనులకొకటి యైనచో 960 మందియే. అర నిమిషపు ఆలస్యమునకు 480 మంది వంతు తప్పినది. యజమానికి ఇది ఆదాయము, బారులోనివారికి సహనము. ఈ అర నిమిషమును ఎచ్చట సంపాదింపవలయుననుటయే అసలు ప్రశ్న. సంచులను ముందుగనే తీసికొనుట, వరుసలను ముందుగనే నిలుపుట, ఎక్కువారికి దిగువారికి వేరువేరు ద్వారములు పెట్టుట, ఇవి న్యాయమైన మార్గములు. కమ్మీని తడవి చూచు క్షణములను కోసివేయుట అన్యాయము.

బండ్ల సంఖ్య పెంచుట మరియొక మార్గము. అయితే పట్టా భాగములుగా విభజింపబడియుండును. ఒక భాగములో బండి యున్నంతవరకు రెండవదానికి ప్రవేశము లేదు. టాటానగరు స్టేషనున రైళ్ల రాకపోకలెరిగిన వారికి ఈ బ్లాకు పద్ధతి క్రొత్త కాదు.

ఈ నియమమును మీరిన ఫలితము 2015 జూన్ 2న ఇంగ్లండులోని ఆల్టన్ టవర్సునందు కనబడినది. స్మైలర్ అను కోస్టరుపై ఆనాడు మరియొక బండిని చేర్చిరి. పరీక్షకై పంపిన ఖాళీ బండి దారిలో నిలిచిపోయినది. యంత్రము వెనుకబండిని సరిగనే ఆపినది. పట్టాపై ఎన్ని బండ్లున్నవో సరిగా తెలియని సిబ్బంది ఆ నిషేధమును త్రోసిపుచ్చి బండిని వదలిరి. అందు 16 మంది యుండిరి. ఇద్దరు యువతులు ఒక్కొక్క కాలు కోల్పోయిరి. 2016లో న్యాయస్థానము నిర్వాహక సంస్థకు 50 లక్షల పౌండ్ల జరిమానా విధించినది. ఉక్కు తప్పలేదు, తాళము తప్పలేదు. ఆగుమనిన మాటను మనిషి ఆలకింపలేదు.

కార్యాలయములలో పనిచేయువారికి ఈ పాఠము పరాయిది కాదు. సంతకమునకు ముందు సరిచూచు నిమిషము ఎల్లప్పుడు వృథాగనే తోచును. దాని విలువ అది లోపించిన నాడు తెలియును. కావున రాబోవు ఉత్సవమున బారు మెల్లగా కదలినను గేటు కడనున్న చిన్న ఉద్యోగిని తొందరపెట్టరాదు. వంతు ఎప్పుడని అడుగుటకు ముందు, పిల్లవాని కమ్మీని చూచితివా యని అడుగుట తలిదండ్రుల ధర్మము.

స్వస్తి.