ఇంటికి వెచ్చదనము: ఎట్టి పొయ్యి మేలు?

గ్రామ పెద్దలారా,

ధనుర్మాసము వచ్చినంతనే మన్యపు గూడెములయందును, ఆదిలాబాదు ప్రాంతమునందును చలి ముదురును. లంబసింగివంటి యెత్తు తావులలో నీరు పేరుకొనునంతకు సమీపించు రాత్రులు కలవు. మైదానములయందైనను ముసలివారికిని, పురిటిగదిలోని తల్లీబిడ్డలకును వెచ్చదనము కావలసినదే. దానిని ఏ సాధనముచే సమకూర్చుకొనుట క్షేమమో నేడు విచారింతము.

మొదటిది కుంపటి. చౌకయైనది, ఎక్కడికైనను మోసికొనిపోవచ్చును, బొగ్గులు ఎఱ్ఱబడిన పిమ్మట పొగ కానరాదు. పొగ లేదు గనుక కీడును లేదని తలంచి, తలుపులు బిగించి, బాలింత మంచము క్రింద కుంపటి యుంచుట మనలో చిరకాలపు వాడుక. ప్రమాదమంతయు ఇచ్చటనే యున్నది. బొగ్గు కాలునప్పుడు కార్బన్ మొనాక్సైడ్ అను విషవాయువు పుట్టును. గాలి చాలనికొలది అది హెచ్చును. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తురులోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువును పట్టుకొనుదానికంటె 200 రెట్లకు మించిన బలముతో ఈ విషమును పట్టుకొనును. అందుచే మనిషి గాలి పీల్చుచునే యున్నను శరీరమునకు ప్రాణవాయువు అందదు. తలనొప్పి, కన్నులు తిరుగుట, వాంతి దీని తొలి గుఱుతులు. నిద్రించువారికి అవి తెలియవు. ఆ నిద్రయే కడపటి నిద్ర కావచ్చును.

“మా తాతలనాడు కుంపట్లు లేవా? వారు బ్రతుకలేదా?” యని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. కాని యానాటి యిండ్లు వేఱు. తాటాకు కప్పునుండియు, పెంకుల సందులనుండియు, చూరు క్రింది యెడమునుండియు గాలి రాకపోకలు చేయుచుండెడిది. నేడు సిమెంటు కప్పు వేసి, కిటికీలకు అద్దములు బిగించినాము. ఇల్లు మాఱినది, వాడుక మాఱలేదు. నాడు తాతలను కాచినది కప్పులోని సందు.

రెండవది పొగగొట్టము గల పొయ్యి. కాశ్మీరమున బుఖారీ యనునది యిట్టిదే: రేకుతో చేసిన పొయ్యి గదిలో నుండును, దాని గొట్టము ఇంటి వెలుపలికి పోవును. గోడలోని తెఱపి పొయ్యిలో వేడి చాలవఱకు పొగతోడనే పైకి పోవునని గుర్తించి, అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిను తాను కల్పించిన యినుప పొయ్యిని గూర్చి 1744లో ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. కాగిన యినుము గదిని వెచ్చజేయును, విషము గొట్టమున వెడలిపోవును. ఇదియే యందలి కీలకము.

ఇట్టి పొయ్యి కొనువారు మూడు సంగతులు చూడవలయును. పొయ్యి తలుపు బిగువుగా మూయబడునా? గొట్టము కప్పును దాటి పైకి పోవునా? గొట్టమునకు కఱ్ఱగాని తాటాకుగాని తగులకుండ తగినంత యెడము కలదా? ఏటేట మసి దులుపుటయు, ఎండిన కట్టెయే వాడుటయు మఱువరాదు. పచ్చికట్టె బరువులో దాదాపు సగము నీరే. దాని వేడి ఆ నీటిని ఆవిరి చేయుటకే వ్యయమగును, గొట్టమున మసియు హెచ్చును.

వంటపొయ్యికిని ఈ న్యాయమే చెల్లును. హైదరాబాదునందు డాక్టరు ఎస్. పి. రాజుగారు పొగలేని మట్టిపొయ్యిని రూపొందించి, 1953లో దానిని గూర్చి గ్రంథము వెలువరించిరి. 1983లో ప్రభుత్వము మెఱుగైన పొయ్యిల పథకమును దేశమంతట ఆరంభించెను. కాని గొట్టములు మసితో పూడి, మరమ్మతు చేయువారు లేక పెక్కుపొయ్యిలు మూలబడినవి. కావున కొనుటకు ముందే, బాగుచేయువాడు ఊరిలో కలడో లేడో విచారింపుడు.

మూడవది విద్యుత్తు హీటరు. పొగ లేదు, విషవాయువు లేదు. 1000 వాట్లది గంటకు ఒక యూనిట్ వాడును. ఎనిమిది గంటలకు ఎనిమిది. తీగెలు గట్టివై, ఎర్తు సరిగా నుండవలయును. పఱుపులు, బట్టలు దూరముగా నుండవలయును. వంటగ్యాసు పొయ్యిని మాత్రము గది వెచ్చజేయుటకు వెలిగింపరాదు.

కరెంటు నిలుకడగా నుండు ఊర పురిటిగదికి హీటరు మేలు. కట్టె సమృద్ధిగా నుండు మన్యమున గొట్టపు పొయ్యి మేలు. కుంపటి తప్ప వేఱు గతి లేనివారు కిటికీయు తలుపును తెఱచియుంచి చలి కాచుకొని, నిద్రకు ముందే దానిని వెలుపల నుంచవలయును. తరువాత కంబళియు, గుడ్డ చుట్టిన వేడినీటి సంచియు చాలును. కుంపటి గదిలో ఎవరైన సొమ్మసిల్లినచో ముందు తలుపులు తెఱచి, వారిని ఆరుబయటికి తెచ్చి, 108కి కబురు చేయుడు.

పురిటిగది యాచారము ఇంటి పెద్దల మాటపై నడుచును. కుంపటి వెలుపల పెట్టుడని మీరన్నచో కాదనువారుండరు. ఈ చలికాలమున ఆ మాట మీ నోట వచ్చుగాక.