ఎవరినీ అడగనక్కరలేని అధికారం

ఎవరి జ్ఞాపకార్థం మనం ఇక్కడ కూడామో ఆ న్యాయవాది రాజ్యాంగ విషయాల్లో సంప్రదాయవాది. నాదీ అదే పక్షం. పాలకుడు ఎంత మంచివాడైనా చట్టం అతన్ని కట్టడి చేయాల్సిందే అంటుంది ఈ పక్షం. ఆ మాటను ఢిల్లీ నుంచి కాకుండా మన తీరం నుంచే మొదలుపెడతాను.

వాకాడు దాటి సముద్రం వైపు పోతే దుగరాజపట్నం వస్తుంది. ఇంగ్లీషు వాళ్ళ కాగితాల్లో అది ఆర్మగాన్. మచిలీపట్నంలో చిక్కులు ఎదురైన ఈస్టిండియా కంపెనీ 1626లో ఇక్కడ స్థావరం పెట్టి కోట కట్టింది. కోరమాండల్ తీరంలో వాళ్ళ మొదటి కోట ఇదే. దక్షిణాన పులికాట్‌లో అప్పటికే డచ్చివారి కోట ఉంది. ఇక్కడ వర్తకం అనుకున్నంత సాగక, కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే 1639లో స్థానిక పాలకులైన దామెర్ల నాయకుల నుంచి మద్రాసు నేల సంపాదించాడు. కోట కట్టుకునే హక్కు, నాణేలు ముద్రించుకునే హక్కు ఆ పట్టాలోనే ఉన్నాయి. నాయకులు దుర్మార్గులని నేననను. రేవు పెరిగితే సుంకం పెరుగుతుందని ఆశపడ్డారు, అంతే. కానీ ఆ నేల మీద బతికేవాళ్ళను అడగాల్సిన అవసరం వాళ్ళకు లేకపోయింది. నన్ను కలవరపెట్టేది అదే.

నవాబు మహమ్మదలీ కాలానికి కథ మరీ చేదుగా మారింది. ఆర్కాటు నవాబు కింద నెల్లూరు సీమ కూడా ఉండేది. యుద్ధాల ఖర్చుకూ దర్బారు వైభవానికీ ఆయన కంపెనీ ఉద్యోగుల దగ్గరే పెద్ద వడ్డీలకు అప్పులు చేశాడు. తీర్చడానికి జిల్లాల శిస్తును తాకట్టు పెట్టాడు. పంట పండించినవాడు రైతు, రాబోయే పంటను ఎవరికో రాసిచ్చినవాడు నవాబు. సంప్రదాయవాదులు తమ మూలపురుషుడిగా చెప్పుకునే ఎడ్మండ్ బర్క్ 1785లో బ్రిటిష్ పార్లమెంటులో ఈ అప్పుల మీదే సుదీర్ఘంగా ప్రసంగించాడు. బర్క్ అనగానే ఫ్రెంచి విప్లవం గురించి మాట్లాడి ఊరుకుంటాం. మన శిస్తు గురించి కూడా ఆయన ఆగ్రహించాడని మన పిల్లలకు ఎందుకు చెప్పమో నాకు అర్థం కాదు. చివరకు 1801 ఒప్పందంతో నెల్లూరుతో సహా కర్ణాటక రాజ్యమంతా కంపెనీ పరమైంది. ఆ రోజుకు నవాబు చేతిలో బిరుదు, భరణం తప్ప ఏమీ మిగలలేదు.

జనాన్ని అడగకుండా నేలను రాసివ్వడం, రాబోయే ఆదాయాన్ని తాకట్టు పెట్టడం: మన రాజ్యాంగం ఈ రెండు దారులనూ మూసింది. 1958లో నెహ్రూ, పాకిస్తాన్ ప్రధాని ఫిరోజ్ ఖాన్ నూన్ కలిసి పశ్చిమ బెంగాల్‌లోని బెరుబారి యూనియన్‌లో కొంత భాగాన్ని పాకిస్తాన్‌కు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. రాష్ట్రపతి సుప్రీంకోర్టు సలహా కోరారు. దేశపు నేలను పరాయి దేశానికి ఇవ్వాలంటే ప్రభుత్వ ఒప్పందం ఒక్కటే చాలదు, మామూలు చట్టమూ చాలదు, రాజ్యాంగాన్నే సవరించాలి అని 1960లో కోర్టు చెప్పింది. ఆ ధర్మాసనంలో మన రాజమండ్రివారు కోకా సుబ్బారావు ఒకరు. అంతటి ప్రజాదరణ ఉన్న ప్రధాని కూడా 9వ సవరణ కోసం పార్లమెంటు ముందుకు వెళ్ళవలసి వచ్చింది. సార్వభౌమత్వం అంటే నేను ఇదే అనుకుంటాను. అది సరిహద్దులో తుపాకీతో మాత్రమే నిలవదు.

నేల సంగతి ఇలా ఉంటే, నేల దున్నేవాడి సంగతి ఇంకోటి. ఆస్తి హక్కు అనగానే జమీందారుల పక్షం అనే నింద సంప్రదాయవాదుల మీద ఉంది. దానికి జవాబు ఆచార్య రంగా జీవితం. వెంకటగిరి జమీందారీ రైతుల పోరాటంలో నెల్లూరు వెంకట్రామానాయుడుతో పాటు నిలిచిన రంగాయే 1959లో నాగపూర్ కాంగ్రెస్ సహకార సేద్యం తీర్మానం చేయగానే ఆ పార్టీని వదిలి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి, దానికి అధ్యక్షుడయ్యారు. ఇందులో మార్పు ఏమీ లేదు. రైతు పొలాన్ని జమీందారు లాక్కోకూడదన్న మనిషే సర్కారూ లాక్కోకూడదన్నాడు. 1964 నాటి 17వ సవరణ రైత్వారీ భూములను కూడా ‘ఎస్టేటు’ కిందికి తెచ్చింది. పెన్నా డెల్టాలో నాలుగెకరాల మాగాణి ఉన్న రైతు, వెంకటగిరి రాజా ఒకే పేరు కిందికి వచ్చారు. గరిష్ఠ పరిమితిలోపు సొంతంగా సాగుచేసుకునే భూమిని తీసుకుంటే మార్కెట్ ధర ఇవ్వాలన్న నిబంధన కూడా అదే సవరణలో ఉంది. రైతుకు అది చిన్న రక్షణ కాదు.

ఆ తరువాత 1967లో సుబ్బారావు ప్రధాన న్యాయమూర్తిగా గోలక్‌నాథ్ తీర్పు చెప్పారు. ఆరుగురు ఒకవైపు, ఐదుగురు ఒకవైపు. ప్రాథమిక హక్కులను పార్లమెంటు సవరణతో కూడా తగ్గించలేదన్నారు. అది మరీ గట్టి ముడి అని నా అభిప్రాయం. సవరణకు హద్దు ఉంది గాని తలుపు మూసి లేదన్న 1973 నాటి కేశవానంద భారతి తీర్పే నిలకడైన మార్గం. కానీ మొదటి ముడి వేసినవాడు లేకపోతే రెండోది ఉండేది కాదు. ఎమర్జెన్సీ పోయాక వచ్చిన 44వ సవరణ ఎన్నో మంచి పనులు చేసినా, ఆస్తిని ప్రాథమిక హక్కుల నుంచి తీసి 300ఎ అధికరణంలో పెట్టింది. నాకు అది ఇప్పటికీ బాధే. రేవుకో, థర్మల్ కేంద్రానికో భూమి పోయే తీరగ్రామాల్లో ఆ నష్టం పేదవాడికే ముందు తెలుస్తుంది. డీకేటీ పట్టాదారు ఇంకా పేదవాడు. సర్కారు ఇచ్చిన భూమే కదా అని అరకొర డబ్బుతో పంపేవారు. ప్రజాప్రయోజనం పేరిట ఆ భూమి తీసుకున్నా సొంతదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని మేకల పాండు కేసులో 2004లో మన హైకోర్టు చెప్పింది. నా లెక్కలో అది సంప్రదాయవాద తీర్పే.

ఇక అప్పులు. చట్టసభ ఆమోదం లేకుండా ఖజానా నుంచి రూపాయి కదలకూడదని 266వ అధికరణం. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం దాని సమ్మతి లేకుండా కొత్త అప్పు చేయకూడదని 293. ఈ కట్టుబాట్లను తప్పించుకోవడానికి కార్పొరేషన్ల పేరిట అప్పు తెచ్చి, రాబోయే ఆదాయాన్ని హామీగా చూపే అలవాటు దేశంలో ఎన్నో రాష్ట్రాలకు పట్టింది. బడ్జెట్ బయట అప్పుల గురించి కాగ్ నివేదికలు పదేపదే హెచ్చరిస్తున్నాయి. నేను ఏ ఒక్క పార్టీనీ అనడం లేదు. ఇవాళ అధికారంలో ఉన్నవారు చేసినా, నిన్న ఉన్నవారు చేసినా, మహమ్మదలీ చేసిన పనికి ఇది చాలా దగ్గర.

అందుచేత ఈ సభలో ఉన్న శాసనసభ్యులను ఒకటి కోరుతున్నాను. రాష్ట్రం హామీ ఇచ్చిన ప్రతి కార్పొరేషన్ అప్పునూ, ఏ ఆదాయం చూపి తెచ్చారో, వడ్డీ ఎంతో, ఏ ఏటికి తీరుతుందో బడ్జెట్ పత్రాల్లోనే పెట్టమని, దాని మీద ఓటు పెట్టమని పట్టుబట్టండి. మీరు ఏ వరుసలో కూర్చున్నా సరే.