నీళ్లు ఇచ్చాం, చూసి ఇచ్చామా?
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



దానాల్లో నీటి దానం ఎంత గొప్పదో మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) కన్నతల్లి పేరిట బావి తవ్వించిన సంగతి అందరం విన్నదే. అందుకే మన దాతలు తల్లిదండ్రుల పేరిట బోర్లు వేయిస్తున్నారు, మస్జిదుల ముందు కూలర్లు పెట్టిస్తున్నారు. మేము కాలేజీలో సూక్ష్మజీవుల పాఠాలు చెప్పి రిటైరైనవాళ్లం. ఆ నీళ్ల గురించే నాలుగు మాటలు చెప్పాలని వచ్చాం.

2024 సెప్టెంబరును బెజవాడ మరచిపోలేదు. బుడమేరు పొంగి సింగ్‌నగర్, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట మునిగాయి. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు కిందికి పోయింది. ఊరంతా నీళ్లే, తాగడానికి మాత్రం గుక్కెడు లేవు. మన కుర్రాళ్లు మెడలోతు నీటిలో డబ్బాలు మోశారు.

వరద తీశాక ఒక పేటలో, మునిగిన బోరుకు మోటారు బాగుచేయించాం. నీళ్లు తేటగా, తియ్యగా వచ్చాయి. ఇక తాగండని మేమే చెప్పాం. పది రోజుల తర్వాత ఎందుకో మనసు ఊరుకోక, శుభ్రమైన సీసాలో 100 మిల్లీలీటర్లు పట్టి పరీక్ష పొడి కలిపాం. 35 డిగ్రీల వెచ్చదనంలో ఒక రోజు ఉంచి, చీకటి గదిలో అతినీలలోహిత దీపం వేశాం. సీసా నీలంగా మెరిసింది. మరుగుదొడ్డి గుంట నీరు ఆ బోరులోకి దిగుతోందన్నమాట. ఆ పది రోజులూ వీధి పిల్లలు తాగింది ఆ నీళ్లే. ఆ తప్పు మాది.

సీసా ఎందుకు మెరిసింది? వన్‌టౌన్‌లో నోటును నీలి దీపం కింద పెట్టి చూసే షాపులు మీకు తెలుసు. మామూలు వెలుతురులో కనపడని పోగులు ఆ దీపం కింద మెరుస్తాయి. మా పొడిలోనూ అలా మెరిసే అణువు ఉంది, పేరు మిథైల్ అంబెల్లిఫెరోన్. కానీ దానికి ఒక చక్కెర ఆమ్లాన్ని ముడివేసి ఉంచుతారు. ముడి ఉన్నంతసేపు మెరుపు రాదు. మనుషుల పేగుల్లో, పశువుల పేగుల్లో ఉండే ఇ.కోలి అనే సూక్ష్మజీవి దగ్గర బీటా గ్లూకురోనిడేజ్ అనే ఎంజైము ఉంటుంది. ఎంజైము అంటే కత్తెర అనుకోండి. ఆ కత్తెర ముడిని కత్తిరిస్తుంది, అణువు విడిపోయి మెరుస్తుంది. మనం సూక్ష్మజీవిని చూడటం లేదు, దాని చేతిలోని కత్తెర చేసిన పనిని చూస్తున్నాం. ఇ.కోలి ఉందంటే నీటిలో మలం కలిసిందని అర్థం. దాని వెంట టైఫాయిడ్, కలరా, కామెర్లు రావచ్చు.

ఇ.కోలిని పట్టే ఈ ఉపాయాన్ని 1982లో అమెరికాలో ఫెంగ్, హార్ట్‌మన్ ప్రచురించారు. అదే ఏడాది మన దేశంలో మాంజా బృందం నీళ్లు నల్లబడే హెచ్2ఎస్ సీసా పరీక్షను ప్రకటించింది. దానికి దీపం కూడా అక్కర్లేదు. మెరిసే అణువు ఆసుపత్రుల్లోనూ పనికొస్తుంది. దాన్నే వేరే చక్కెరకు ముడివేసి, గౌచర్ వంటి పుట్టుజబ్బుల్లో పిల్లల రక్తంలో ఎంజైము లోపించిందేమో చూస్తారు. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ఇళ్లలో ఈ మాట గుర్తుంచుకోవాలి.

అయితే ఈ మెరుపు అన్నీ చెప్పదు. ఇ.కోలిలో ఓ157 అనే ప్రమాదకరమైన రకం సాధారణంగా మెరవదు. ఉప్పు, ఫ్లోరైడు, పురుగుమందుల సంగతి ఈ సీసాకు తెలియదు. మెరిస్తే నీళ్లు చెడ్డవి. మెరవకపోతే ఈ ఒక్క పరీక్షలో నెగ్గాయి, అంతే. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగే నీటి 100 మిల్లీలీటర్లలో ఇ.కోలి అసలు కనపడకూడదు.

మన డెల్టాలో ఈ జాగ్రత్త మరీ అవసరం. బ్యారేజీ దగ్గర విడిచిన నీరు బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువల్లో ఊళ్ల మీదుగా పోతుంది. కింది ఊళ్లవాళ్లు ఆ నీటితోనే చెరువులు నింపుకుని వేసవంతా తాగుతారు. సముద్రం వైపు బోరు వేస్తే ఉప్పునీరు. పై ఊరు కాలువలో వదిలింది కింది ఊరి బిందెలోకి చేరుతుంది.

కాబట్టి దాతలకు మా మనవి ఇది. బోరు వేయించేటప్పుడు మరుగుదొడ్డి గుంటకు దూరంగా చోటు చూడండి. ఇచ్చే సొమ్ములో కొంత పరీక్షకని పక్కన పెట్టండి. బోరు వేసిన రోజునా, వానాకాలం పోయాకా, నీళ్లు మునిగిన ప్రతిసారీ సీసా పట్టించండి. మెరిస్తే వెంటనే పంపు కట్టేసి, మస్జిదు మైకులో చెప్పించండి. క్లోరిన్ వేయించి, మళ్లీ పరీక్షించాకే వదలండి. అందాకా నీళ్లు కాచి తాగమనండి.

బోరు మీద చెక్కించే రాతిపలకపై మీ అమ్మానాన్నల పేరు ఉంటుంది. ఆ పేరు కింద కడసారి పరీక్ష తేదీ కూడా రాయించండి. మేము ఆ పేటలో బోరు దగ్గర ఇప్పుడు అదే చేశాం. సదఖయె జారియా అంటే ఆగకుండా సాగే దానం. నీళ్లతోపాటు మన జాగ్రత్త కూడా సాగాలి. అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్.